తేటనీళ్ళ అర్జీ

బందరు కోర్టుల వీధిలో ఒక ప్లీడరు గారి ఇంటి వసారాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే రత్నరాజుకి రెండు సంగతులంటే గర్వం. పదేళ్ళలో తన కాగితంలో ఒక్క స్పెల్లింగు తప్పు దొర్లలేదన్నది మొదటిది. బందరు మొత్తం మీద తనలా జాతీయాలు పెట్టి ఇంగ్లీషు రాసేవాడు ఇంకొకడు లేడన్నది రెండోది. మొదటిది నలుగురూ ఒప్పుకునేవారు. రెండోది ఎవరూ అడగకపోయినా అతనే చెప్పేవాడు.

అతనిది గూడూరు పక్క పల్లె. తండ్రి పాలేరు పని చేసేవాడు. క్రైస్తవ మిషనరీల బళ్ళో, వాళ్ళ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాడు. అక్కడ ఇంగ్లీషు చెప్పిన ఏసుపాదం మాస్టారు, "జాతీయం పడని ఇంగ్లీషు తాలింపు లేని పప్పురా" అనేవారు. మాస్టారు చెప్పిన జాతీయాలన్నీ రత్నరాజు ఒక నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. కోపానికొక పేజీ, చావుకొక పేజీ, కాలానికొక పేజీ. పైరూపం మీద, తొలిచూపు మీద ఉన్న పేజీ ఒకటి మొదలై నాలుగు పేజీలైంది. దానికి కారణం ఉంది. చదువయ్యాక అతను గుమాస్తా పనికి రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళాడు. రెండుసార్లూ బల్ల అవతల కూర్చున్నవాళ్ళు అతని మొహమూ మాసికవేసిన చొక్కా చూసి, ఊరూ తండ్రి పేరూ అడిగి, నోరు విప్పి ఇంగ్లీషు మాట్లాడనివ్వకుండానే పంపేశారు. ఆ తరవాత అతను మళ్ళీ ఎక్కడా మనిషిగా నిలబడదలుచుకోలేదు. కాగితం మీదైతే తన మొహం ఎవరికీ కనబడదు. అక్కడ కనబడేది ఇస్త్రీ చేసిన ఇంగ్లీషు.

యాభై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో ఒక పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు వసారా మెట్ల దగ్గర నిలబడ్డారు. ముందున్నావిడకి అరవై ఏళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా, ఎండకి నల్లబడి, చెవులకి బరువైన దుద్దులతో ఉంది. ఆవిడ పేరు పెద్దింట్లమ్మ. దివిసీమ చివర, సముద్రం ఒడ్డున ఉన్న పడమటిదిబ్బ ఆవిడ ఊరు. మగవాళ్ళు వేటకెళ్తే ఊరి మాట మోసేది ఆవిడే. వెనక ఉన్న తాతమ్మ ఆవిడ వియ్యపురాలు. అవనిగడ్డ దాకా ఎడ్లబండి మీద, అక్కణ్ణుంచి బస్సు మీద వచ్చారు.

"ఇంగిలీసులో రాసేది మీరేనా బాబూ?"

"నేనేనండీ. కూర్చోండి పెద్దమ్మా."

పెద్దింట్లమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మూడేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళో గవర్నమెంటు బావి తవ్వించింది. వానలు పడ్డ మూడు నెలలూ ఆ నీళ్ళు తాగడానికి పనికొస్తాయి. ఆ నెలలు దాటితే నోట పెట్టలేరు. ఆడవాళ్ళు కడవలు ఎత్తుకుని మూడు మైళ్ళు నడిచి కాలవ చివరికి వెళ్ళి తెచ్చుకుంటున్నారు. ఆ కాలవని ఊరి దాకా లాగి మంచినీళ్ళ చెరువు ఒకటి తవ్విస్తే చాలు. ఓవర్సీరు ఒకాయన వచ్చి చూసి వెళ్ళాడు గానీ, బావి నిండా తేట నీళ్ళున్నాయి కదా, ఇంకేం కావాలన్నాడట.

"సూత్తే అద్దంలా ఉంటాయి బాబూ. అడుగున గులకరాయి కూడా కనపడద్ది. నోట్లో పోసుకుంటే సముద్రం."

ఆ మాట విన్నప్పుడు రత్నరాజు ఒళ్ళు ఝల్లుమంది. పదేళ్ళుగా భాగపంపకాలు, పట్టాలు, ప్రమోషన్లు రాసి రాసి విసిగిపోయాడు. పైకొకటీ లోపలొకటీ అయిన విషయం ఇన్నాళ్ళకి నడుచుకుంటూ వచ్చి మెట్ల మీద నిలబడింది. సాయంత్రం రమ్మని వాళ్ళని పంపేసి, నోటుబుక్కు తీసి, ఆ నాలుగు పేజీలూ ముందు పెట్టుకున్నాడు.

అర్జీ రెండున్నర పేజీలొచ్చింది. మెరిసేదంతా బంగారం కాదని మొదలెట్టాడు. అట్ట చూసి పుస్తకానికి విలువ కట్టరాదన్నాడు. ఈ బావి గొర్రెతోలు కప్పుకున్న తోడేలన్నాడు. పైచూపుకి నీరు తేటగా ఉన్నదని మేమూ ఒప్పుకుంటాము గానీ పైరూపాలు మోసం చేస్తాయన్నాడు. 'ఎట్ ఫస్ట్ బ్లష్' అన్నది అతను ఎప్పణ్ణుంచో దాచుకున్న జాతీయం. తొలిచూపుకి అని అర్థం, మాటకి మాట చెప్పుకుంటే తొలి సిగ్గులో అని. అదీ పడింది. చివరికి కాలవ, చెరువు అన్న మాటలు ఒక వాక్యంలో ఇమిడ్చి సంతకాలకి చోటు వదిలాడు.

సాయంత్రం ఆడవాళ్ళిద్దరూ వస్తే ఇంగ్లీషులో అంతా చదివి వినిపించి, తరవాత తెలుగులో ఒక్కొక్క ముక్కే చెప్పాడు. తాతమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"బావి సిగ్గుపడ్డమేంటి బాబూ? పెళ్ళికూతురా?"

"అది వాళ్ళ భాషలో పద్ధతమ్మా. చదివేవాడికి గుండెలో దిగుతుంది."

పెద్దింట్లమ్మ నవ్వలేదు. కాగితాల వంక కాసేపు చూసింది.

"ఉప్పు అన్న మాట యాడుంది ఇందులో?"

"అంతా ఉప్పేనమ్మా. ప్రతి వాక్యంలోనూ ఉప్పే."

"ఒకపాలి ఏలుపెట్టి సూపించండి."

రత్నరాజుకి చిరాకేసింది. రోజూ ఇంగ్లీషు పేపరు చదివే ప్లీడర్లే తన ఇంగ్లీషుకి తల ఊపుతారు. "చెప్పాను కదా పెద్దమ్మా, భావంలో ఉంది" అన్నాడు. ఆవిడ వేలిముద్ర వేసింది. ఊరివాళ్ళందరి ముద్రలూ వేయించి పంపుతానంది.

జవాబు నలభై రోజులకి వచ్చింది. గుడివాడలో నీళ్ళ పనులు చూసే ఒక ఇంజనీరు గారి ఆఫీసు నుంచి. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. పెద్దింట్లమ్మ ఆ కవరు విప్పకుండానే పట్టుకుని బందరు వచ్చింది. రత్నరాజు చించి, నించునే చదివి, కూర్చున్నాడు.

"ఏవన్నారు బాబూ?"

అతను ఒక్కొక్క ముక్కే తెలుగులో చెప్పాడు. బావి నీరు తేటగా ఉన్నట్టు అర్జీదారులే ఒప్పుకున్నారు. బంగారం సంగతి, పుస్తకాల సంగతి ఈ ఆఫీసుకు సంబంధించినవి కావు. గ్రామంలో తోడేళ్ళ బెడద ఉన్నట్లయితే తగిన శాఖకు విడిగా అర్జీ పెట్టుకోవలసినది. ఈ విషయం ఇంతటితో ముగించడమైనది.



"మావూళ్ళో తోడేళ్ళెక్కడియ్యి బాబూ," అంది పెద్దింట్లమ్మ. "నక్కలున్నాయి."

రత్నరాజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. భార్య ఆనందమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆవిడ ఆ జవాబు రెండుసార్లు చదివి, పెదవి కొరుక్కుని నవ్వాపుకోవడం అతను చూశాడు.

"వాళ్ళకి ఇంగ్లీషు రాదు ఆనందం! జాతీయం పట్టుకుని మాటకి మాట అర్థం చెబుతాడా? గుడివాడ వెళ్ళి మొహం మీదే అడుగుతాను."

"వెళ్ళండి. ఆ పెద్దమ్మని కూడా తీసుకెళ్ళండి. నీళ్ళు ఆవిడవి."

చైత్రమాసంలో ఒక సోమవారం ఇద్దరూ గుడివాడ రైలెక్కారు. పెద్దింట్లమ్మ మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబొకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెడన దాటేదాకా రత్నరాజు తను అడగబోయేదంతా ఇంగ్లీషులో కూడబలుక్కున్నాడు. కవుతరం వచ్చేసరికి సగం మరిచిపోయాడు. ఇస్త్రీ చొక్కా చంకల కింద తడిసిపోయింది. పదిహేనేళ్ళ తరవాత మళ్ళీ ఒక ఆఫీసు బల్ల ముందు మనిషిగా నిలబడబోతున్నాడు.

ఆఫీసులో వాళ్ళ ఫైలు చూసేది జనార్దనరావు అనే గుమాస్తా. బక్కపల్చటి మనిషి, కళ్ళజోడుకి ఒక పక్క కాడ బదులు దారం కట్టుకున్నాడు. రత్నరాజు అర్జీ పేరు చెప్పగానే లేచి నిలబడ్డంత పని చేశాడు.

"ఆ కాగితం రాసింది మీరాండీ? ఎంత బాగుందండీ ఆ ఇంగ్లీషు! మూడుసార్లు చదువుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళి మా అన్నయ్యక్కూడా చూపించాను."

రత్నరాజు పోట్లాడదామని కూడగట్టుకున్న బలమంతా ఆ ఒక్క మాటతో జారిపోయింది. "మరి ఆ జవాబేంటి సార్?" అన్నాడు నీరసంగా.

"ఏం చెయ్యమంటారండీ? పేరాకి పేరా జవాబివ్వాలి, రూలు. మొదటి పేరాలో బంగారం ఉంది, రాశాను. రెండోదాన్లో పుస్తకం, రాశాను. మూడోదాన్లో తోడేలు. అది జాతీయమని నాకు తెలుసు. కానీ జాతీయం అని వదిలేస్తే 'మూడో పేరాకి జవాబేదీ' అని పైనుంచి ఫైలు వెనక్కొస్తుంది. నీళ్ళు బాగాలేవని ఒక్క వాక్యం దొరుకుతుందేమోనని వెతికానండీ, నిజంగా. ఉప్పు అన్న మాటే లేదు."

పెద్దింట్లమ్మ రత్నరాజు వైపు చూడలేదు. అదే అతనికి మరీ కష్టమనిపించింది.

"పైగా," అని జనార్దనరావు ఫైలు తిప్పి అడుగున ఉన్న కాగితం చూపించాడు. "ఓవర్సీరు గారి నోటు ముందే ఉంది." అందులో రెండే ముక్కలున్నాయి. నీరు తేటగా ఉంది. ప్రైమా ఫేసీ, చాలినంత ఉంది. కింద సెప్టెంబరు తేదీ.

రత్నరాజు దాన్ని వేలితో పొడిచాడు. "ప్రైమా ఫేసీ అంటే మాత్రం ఏంటి సార్? తొలిచూపుకి అనేగా? నేను రాసిందీ తొలిచూపుకి అనేగా? తేడా ఏముంది?"

"అర్థం అదేనండీ," అన్నాడు జనార్దనరావు గొంతు తగ్గించి. "కాకపోతే అది ఓవర్సీరు గారు రాశారు."

అంతలో ఇంజనీరు గారు గదిలోంచి బయటికొచ్చారు. జనార్దనరావు లేచి, వీళ్ళు పడమటిదిబ్బ వాళ్ళండీ అని చెప్పాడు. పెద్దింట్లమ్మ చెంబు గుడ్డ విప్పి ఎదురెళ్ళింది.

"మా ఊరి నీళ్ళు బాబూ. ఒక్క గుక్క తాగి సూడండి."

ఇంజనీరు గారు వంగి చెంబులోకి చూశారు. "శుభ్రంగా ఉన్నాయిగా!" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపడ్డారు.

"సూట్టం కాదు బాబూ, తాగాల."

"నాకు కడుపులో బాగుండదమ్మా. కాచిన నీళ్ళు తప్ప తాగొద్దన్నాడు డాక్టరు." ఆయన చేతి గడియారం చూసుకుని వరండా దిగి వెళ్ళిపోయారు. కసురుకోలేదు, విసుక్కోలేదు. కసిరినా బాగుండుననిపించింది రత్నరాజుకి. దాన్ని పట్టుకుని ఒక అర్జీ రాయొచ్చు.

బయట వరండాలో పెద్దింట్లమ్మ చెంబు అతని ముందుకి చాపింది.

"నువ్వూ తాగలేదుగా అబ్బాయ్."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. రత్నరాజు చెంబు అందుకున్నాడు. నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి. అడుగున ఇత్తడి గీతలు కనబడుతున్నాయి. పెద్ద గుక్క పోసుకున్నాడు. నాలుక మీద ఉప్పు, గొంతులో చేదు. వరండా అంచుకి పరుగెత్తి ఉమ్మేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. రెండున్నర పేజీలు రాశాడు, ఒక్క గుక్క తాగలేదు.

పెద్దింట్లమ్మ మిగిలిన నీళ్ళు పక్కనే ఉన్న క్రోటన్ల కుండీలో పొయ్యబోయింది. ఆఫీసు బంట్రోతు, నెరిసిన మీసాల మనిషి, కేకేసుకుంటూ వచ్చాడు.

"అందులో పొయ్యకమ్మా! ఉప్పునీళ్ళు, మొక్క చచ్చిపోద్ది!"

"ఈయనొక్కడు నమ్మాడు," అంది పెద్దింట్లమ్మ, నీళ్ళు వీధిలో పారబోస్తూ.

తిరుగు రైల్లో గుడ్లవల్లేరు దగ్గర ఆవిడ, "ఈసారి నే సెప్పింది సెప్పినట్టు రాయి" అంది. రత్నరాజుకి ఒక్కసారిగా రోషం పొడుచుకొచ్చింది. "మీరు చెప్పింది రాయడానికి నేనెందుకండీ? టైపు నేర్చుకున్న ఎవడైనా రాస్తాడు!" అని గట్టిగా అనేశాడు. పెట్టెలో నలుగురూ తిరిగి చూశారు. ఆవిడ ఏమీ అనుకోలేదు, కిటికీలోంచి వరి కోసేసిన పొలాలు చూస్తూ కూర్చుంది. బందరు చేరేదాకా అతను తను అన్న ఆ మాటనే నమిలాడు. అందులో తన బతుకంతా ఉన్నట్టనిపించింది.

ఆ పూట పెద్దింట్లమ్మ రత్నరాజు ఇంట్లోనే ఉండిపోయింది. ఆనందమ్మ కుళాయి నీళ్ళు గ్లాసుతో ఇస్తే మూడు గ్లాసులు ఆపకుండా తాగి, మూతి తుడుచుకుని, "ఇయ్యి నీళ్ళు" అంది.

పొద్దున్నే ముగ్గురూ టైపు మిషను చుట్టూ కూర్చున్నారు. పెద్దింట్లమ్మ చెప్పడం, ఆనందమ్మ దాన్ని చిన్న చిన్న వాక్యాలుగా విడదియ్యడం, రత్నరాజు ఇంగ్లీషు చెయ్యడం.

"మా బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి," అంది పెద్దింట్లమ్మ.

రత్నరాజు వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఆ వాక్యం అతనికి మూడో తరగతి పిల్లవాడి పలక మీద రాతలా కనబడింది. దీని కింద తన పేరు, తన ముద్ర. "ముందు కనీసం 'పైకి ఎలా కనిపించినప్పటికీ' అని పెడదాం," అన్నాడు.

"పెట్టారుగా పోయినసారి," అంది ఆనందమ్మ.

"నీకేం తెలుసు? నా అర్జీ చదివి ఆ గుమాస్తా ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళన్నయ్యకి చూపించాడు!"

"చూపించి ఫైలు మూసేశాడు. మా పిల్లలు రాస్తే నీళ్ళు ఉప్పగా ఉన్నాయని రాస్తారండీ. చదివినవాడికి దాహమేస్తుంది."

అతను లేచి వసారా చివరిదాకా వెళ్ళి నిలబడ్డాడు. ఎవరి మీద కోపమో తేలలేదు. మాస్టారి మీదా, గుమాస్తా మీదా, వీళ్ళిద్దరి మీదా. నాలిక మీద నిన్నటి చేదు ఇంకా ఉన్నట్టే ఉంది. కాసేపటికి వచ్చి కూర్చుని, చెప్పమన్నాడు.

ఎనిమిది వాక్యాలయ్యాయి. మా బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వానాకాలంలో మూడు నెలలు మాత్రం తాగుతాము. మిగతా తొమ్మిది నెలలూ మూడు మైళ్ళు నడిచి కాలవ నీళ్ళు తెచ్చుకుంటున్నాము. ఓవర్సీరు గారు సెప్టెంబరులో వచ్చారు. నీళ్ళు చూశారు, తాగలేదు. ఏప్రిల్లో గానీ మేలో గానీ రండి. ఒక గ్లాసు తాగండి. తాగగలిగితే మేము మళ్ళీ అడగము.

ఆఖరి వాక్యం పెద్దింట్లమ్మది. దాన్ని మాత్రం రత్నరాజు ఏ మార్పూ చెయ్యకుండా ఇంగ్లీషులోకి దించాడు. దించాక తనకి తెలియకుండానే ఇంకోసారి చదువుకున్నాడు.

అలాంటి అర్జీ చూడగానే ఆఫీసు కదిలిపోయిందని చెబితే వినడానికి బాగుంటుంది. ఏడాది పాటు పని ఏదీ కదల్లేదు. రత్నరాజు మూడుసార్లు జ్ఞాపకం చేస్తూ ఉత్తరాలు రాశాడు. మొదటిదానికి 'పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చింది. రెండోదానికి నీళ్ళ నమూనా పరీక్షకు తీసుకుంటామని వచ్చింది. తీసుకున్నారు కూడా. అక్టోబరులో, ఊరంతా వానల్లో మునిగి ఉన్నప్పుడు. నీరు తాగడానికి యోగ్యమని తేలింది. ఆ కాగితం చదివినరోజు రత్నరాజు నోటుబుక్కు తీసి గోడకేసి కొట్టాడు. ఆనందమ్మ దాన్ని తీసి బీరువా మీద పెట్టింది. మూడో ఉత్తరంలో అతను ఒకే ఒక వాక్యం రాశాడు: మేము రమ్మన్నది మే నెలలో.

యాభై తొమ్మిది మేలో నరసింహారావు అనే కుర్ర ఇంజనీరు ఆ ఆఫీసుకి కొత్తగా వచ్చాడు. ఆ వాక్యం అతని కంటపడిందో, జనార్దనరావే కంటపడేట్టు పైన పెట్టాడో గానీ, ఫలానా రోజు వస్తున్నానని కబురు పంపాడు. రత్నరాజు కూడా వెళ్ళాడు. ఏడాది పైగా రాస్తున్న ఊరు అతను చూడటం అదే మొదలు. ఇసకలో మూడు మైళ్ళ నడక. ఎదురుగా కడవలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు వరసగా వస్తుంటే అతను పక్కకి తప్పుకుని తల దించుకున్నాడు.

నరసింహారావు ఊరు చేరేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెదాలు ఎండిపోయాయి. ఎవరూ అడక్కుండానే, "కొంచెం మంచినీళ్ళు ఇప్పించండమ్మా" అన్నాడు. పెద్దింట్లమ్మ బావిలోంచి తోడి గ్లాసు చేతికిచ్చింది. తాతమ్మ, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టారు. అతను దాహంతో గ్లాసు ఎత్తి సగం తాగేసరికి నోట్లో ఉన్నదంతా బయటికి వచ్చేసింది. దగ్గి దగ్గి కూలబడ్డాడు. అప్పుడు పెద్దింట్లమ్మ రెండో గ్లాసు ఇచ్చింది. అది కాలవ నీళ్ళు.

"క్షమించు బాబూ," అంది. "ఇంకో దారి కనపళ్ళేదు."

అతను ఆ రెండో గ్లాసు తాగాడు. తరవాత బావి లోతు కొలిచాడు, పుస్తకంలో రాసుకున్నాడు, ఎండ తగ్గకముందే బయల్దేరాడు. పోతూ పోతూ రత్నరాజుతో, "ఆ రెండో అర్జీ మీదేనాండీ? అందులో చెప్పిందేమిటో అర్థమైంది" అన్నాడు. ఇంగ్లీషు బాగుందని అనలేదు.

చెరువు మంజూరైంది. కాలవ లాగడం, తవ్వకం అన్నీ కలిపి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఆ మధ్యలో నరసింహారావుకి బదిలీ అయింది. అరవై ఒకటి ఫాల్గుణంలో చెరువులోకి మొదటిసారి నీళ్ళు వదిలారని పెద్దింట్లమ్మ కబురు పంపితే రత్నరాజు ఆనందమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

చెరువు ఊళ్ళో లేదు. పది పన్నెండేళ్ళ కిందటి తుఫానుకి పడమటిదిబ్బ వాళ్ళు పాత చోటు వదిలేసి సముద్రం వైపున్న ఎత్తు మేట మీదికి మారారు. ఆఫీసులో ఉన్న మ్యాపు తుఫానుకి ముందు వేసింది. మ్యాపులో ఊరు ఎక్కడుందో అక్కడే, మనిషన్నవాడు లేని తుప్పల మధ్య, చక్కగా గట్లు పోసి చెరువు తవ్వారు. ఊరివాళ్ళు వెళ్ళి చెబితే తవ్వేవాళ్ళు మ్యాపు చూపించారట. ఎర్రటి కొత్త నీళ్ళు, బురదబురదగా, గట్టు అంచుదాకా ఉన్నాయి.

రత్నరాజు గట్టు మీద చతికిలబడ్డాడు. "మ్యాపు చూసి తవ్వారు. ఇక్కడికొచ్చి ఊరెక్కడని ఒక్కణ్ణి అడగలేదు," అన్నాడు. తరవాత ఇంకో సంగతి తట్టి మొహం మాడిపోయింది. "నేనూ రాయలేదు. ఊరు పేరు రాశాను. ఊరు జరిగిందని రాయలేదు. మీరూ చెప్పలేదు, నేనూ అడగలేదు."

"మేం ఆ మేట మీదే ఉన్నాంగా అబ్బాయ్, జరిగిందని సెప్పాలని ఎట్టా తెలుత్తది?" అంది పెద్దింట్లమ్మ. కోపంగా లేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చెరువులో దిగి, దోసిలితో తీసి తాగింది. బురద నీళ్ళే. ఇంకో దోసెడు తాగింది.

"తియ్యగా ఉన్నాయా?" అంది ఆనందమ్మ.

"తియ్యగానే ఉన్నాయి." ఆవిడ కడవ ముంచింది. "మూడు మైళ్ళు పోయి ముప్పావు మైలు మిగిలింది. మా కోడళ్ళకి రోజుకి ఒక పూట నిద్ర పట్టుద్ది. మా మనవరాళ్ళకి ఈ ముప్పావూ ఎందుకు?"

"ముప్పావు మైలని ఎవరన్నారు?" అన్నాడు రత్నరాజు విసుగ్గా. "కొలిచారా? ఉజ్జాయింపుగా రాస్తే మళ్ళీ ఆ గుమాస్తా, ఉజ్జాయింపు అన్నారు కనక దూరం లేనట్టే అంటాడు."

"అయితే కొలువు."

అతను లేచాడు. గట్టు మీంచి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఊరి వైపు ఇసకలో అడుగులు లెక్కపెడుతూ నడక మొదలెట్టాడు. పెద్దింట్లమ్మ నెత్తిన కడవతో వెనకే నడిచింది. రెండొందల దగ్గర ఆనందమ్మ ఏదో అడగబోతే, మాట్లాడొద్దని చెయ్యెత్తాడు.